డ్రైనేజీ పొడి నాలుగేళ్లు, ప్లంజరూ స్ప్రింగు వైరూ ఐదేళ్లు: హనుమకొండలో మా ఇంటి అనుభవం

హనుమకొండలో మేముంటున్నది రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్న కుటుంబం. వంటగదులు రెండు, స్నానాల గదులు నాలుగు, వెనకాల గిన్నెలు తోముకొనే చోటు ఒకటి. 2016లో ఈ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి 2020 సంక్రాంతి వరకు, సింకులోనో బాత్రూములోనో నీళ్లు నిలిచిన ప్రతిసారీ నేను కిరాణా కొట్టులో దొరికే డ్రైనేజీ క్లీనర్ పొడి ప్యాకెట్టునే నమ్ముకున్నాను. ఆ తర్వాత ఒక్క ప్యాకెట్టు కూడా కొనలేదు. రెండు పద్ధతులనూ ఏళ్ల తరబడి వాడి చూసినదాన్ని కనుక, ఇప్పటికీ ఆ పొడినే వాడుతున్నవారి కోసం నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పొడికి దక్కవలసిన మాట దక్కాలి. అది అసలు పని చేయదని నేను అనను. అందులో ప్రధానంగా ఉండేది కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. చాలా రకాల్లో దానితోపాటు అల్యూమినియం రవ్వలు కూడా కలుపుతారు. నీళ్లు తగలగానే కాస్టిక్ సోడా కరుగుతూ విపరీతమైన వేడిని పుట్టిస్తుంది. అల్యూమినియంతో కలిసి అది హైడ్రోజన్ వాయువును వదులుతుంది, ఆ బుడగలు అడ్డును కదిలిస్తాయి. ఆ క్షారం నూనెను, కొవ్వును సబ్బుగా మారుస్తుంది, వెంట్రుకలను మెత్తబరిచి కరిగిస్తుంది. అందువల్ల జాలీ కిందనే కొద్దిగా పేరుకున్న జిడ్డుకు అది అరగంటలో దారి ఇచ్చిన సందర్భాలు మా ఇంట్లో ఉన్నాయి. ఆ నాలుగేళ్లూ నన్ను దాని వెంట తిప్పింది ఆ మొదటి విజయాలే.

అయితే ఒకసారి తెరుచుకున్న సింకు మళ్లీ నెల తిరక్కుండానే మూసుకుపోయేది. మొదట్లో దానికి కారణం మా వంటలోని నూనె అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ పొడి అడ్డు మధ్యలో సన్నని దారి మాత్రమే చేస్తుంది, చుట్టూ పైపు గోడలకు పట్టిన జిడ్డు అట్లాగే ఉంటుంది. కరిగిన కొవ్వు సబ్బుగా మారి కొంత దూరం పోయాక, మా బోరు నీళ్లలోని సున్నంతో కలిసి తెల్లటి చెక్కులా గట్టిపడుతుంది. కుళాయిల చివర తెల్లటి పొక్కు కట్టే నీళ్లు వాడేవారందరి ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పైగా పైపు పూర్తిగా మూసుకొని నీళ్లు కదలనప్పుడు, చల్లిన పొడి అక్కడే నీళ్లను పీల్చుకొని రాయిలా గడ్డకడుతుంది. అంటే ఆ పొడి ఎక్కడ బాగా పని చేయాలో అక్కడే కొత్త అడ్డుగా మారుతుంది.

2020 సంక్రాంతికి మా అత్తమ్మ, ఆడపడుచులు కలిసి రెండు రోజులు సకినాలు చేశారు. పిండి కలిపిన గిన్నెలు, మూకుడు అడుగున మిగిలిన నూనె అన్నీ సింకులోనే కడిగాము. మూడో రోజు పొద్దున సింకు నిండా నీళ్లు నిలిచాయి. నేను ఒక ప్యాకెట్టు చల్లాను, కదలలేదు. సాయంత్రం ఇంకొకటి చల్లాను, అప్పుడూ కదలలేదు. మరునాడు ప్లంబర్‌ను పిలిచాను. మా వీధిలోని ఇళ్లన్నింటికీ అతనే పని చేస్తాడు, నన్ను అక్కా అంటాడు. అతను వచ్చి సింకు కింద కూర్చొని, వాసన పైకి రాకుండా నీళ్లు నిలిపి ఉంచే సీసా ఆకారపు భాగాన్ని, అంటే బాటిల్ ట్రాప్‌ను విప్పగానే, లోపల ఆగిన నీళ్లు అతని ముంజేతి మీదుగా కారాయి. రెండు క్షణాల తర్వాత చేతిని వేళ్లతో రుద్ది చూసుకొని, "అక్కా, ఇందుల ఏమన్న పోసిన్రా?" అని అడిగాడు. చర్మం సబ్బు పూసినట్టు జారుతోందన్నాడు. అది పైన పూసిన సబ్బు కాదు, క్షారం అతని చర్మంలోని కొవ్వునే సబ్బుగా మారుస్తోంది. నేను ముందే చెప్పవలసిన మాట చెప్పలేదు. పెరట్లోని కుళాయి కింద ఇరవై నిమిషాలు చేయి పెట్టించి, తర్వాత ఆసుపత్రికి తీసుకువెళ్లాము. పది రోజులు అతను పనికి పోలేకపోయాడు. ఆ రోజుల కూలి మేము ఇచ్చాము గానీ, చేతి మీద నల్లగా మిగిలిన మచ్చను తీసివేయడం మా వల్ల కాలేదు.

ఆ పైపు రెండో వంపులోంచి బయటికి వచ్చింది సకినాల పిండి, నూనె, పొడి కలిసి గట్టిపడిన ముద్ద. సుత్తితో కొడితేగాని పగలలేదు.

ఆ రోజు తర్వాత తెలుసుకున్న విషయాల్లో అందరికీ తెలిసి ఉండవలసినవి చెబుతాను. క్షారం వల్ల కలిగే గాయం తరచుగా యాసిడ్ గాయం కంటే లోతుకు పోతుంది. యాసిడ్ తగిలిన చోట కణజాలం గడ్డకట్టి కొంతవరకు అడ్డుగా నిలుస్తుంది గానీ, కాస్టిక్ కణజాలాన్ని కరిగిస్తూ లోపలికి దిగుతుంది. మొదట్లో నొప్పి తక్కువగా ఉండటం వల్ల మనిషి అజాగ్రత్త పడతాడు. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. చర్మం మీద ఈ పొడి పడితే ముందు తడిలేని గుడ్డతో దులిపి, తర్వాత ధారగా పారే నీళ్లతో కనీసం ఇరవై నిమిషాలు కడగాలి. తడిసిన బట్టలు వెంటనే విప్పేయాలి. నిమ్మరసమో వెనిగరో పోసి దాన్ని విరగ్గొట్టాలని చూడకూడదు, ఆ చర్యలో పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. పిల్లలు తెలియక నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించకూడదు, ఎందుకంటే పైకి వచ్చేటప్పుడు అది గొంతును రెండోసారి కాలుస్తుంది. నోరు కడిగించి, ప్యాకెట్టు చేతిలో పట్టుకొని, 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. ఈ పొడి చూడటానికి ఉప్పులాగానో చక్కెరలాగానో కనిపిస్తుంది, అందుకే దాన్ని వంటగదిలో ఇతర డబ్బాల పక్కన పెట్టిన రోజులు గుర్తుకొస్తే ఇప్పటికీ భయం వేస్తుంది.

యాసిడ్ గురించి కూడా చెప్పాలి. పొడి పని చేయకపోతే చాలామంది వెంటనే బాత్రూం యాసిడ్ అందుకుంటారు. పొడి పోసిన పైపులోనే యాసిడ్ పోయడం వంటి ప్రమాదం ఇంకొకటి లేదు. క్షారమూ ఆమ్లమూ ఎదురుపడి ఒక్కసారిగా మరిగి, జాలీలోంచి ముఖం మీదికి చిమ్ముతాయి. యాసిడ్ బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న బాత్రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మా వెనక భాగంలో పరిచినవి షాబాద్ బండలు. అవి సున్నపురాయి జాతివి కనుక యాసిడ్ పడగానే నురగలు కక్కి గరుకెక్కాయి, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. 2008లో మన వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడిని మరవలేని ఊరు మనది. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకానికి రిజిస్టరు, కొనేవారి ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి చేస్తూ ఆదేశించింది కూడా. అటువంటి పదార్థాన్ని పాత నీళ్ల సీసాలో పోసి సింకు కింద దాచుకొనే అలవాటు ఇంకా మన ఇళ్లలో ఉండటం నాకు బాధగా ఉంది.

మనం పోసినది మన ఇంటి గోడ దాటగానే మాయం కాదు. మా వంటగది నీళ్లు వీధి మోరీలోకి, లెట్రిన్ నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి పోతాయి. ఆ మోరీలో పూడిక తీసే కార్మికుల చేతులకు గ్లౌజులు ఉన్న రోజులకంటే లేని రోజులే నేను ఎక్కువగా చూశాను. సెప్టిక్ ట్యాంకులో మలాన్ని విడగొట్టేది బ్యాక్టీరియా. మోతాదుకు మించి కాస్టిక్ దిగితే ఆ బ్యాక్టీరియా దెబ్బతిని ట్యాంకు త్వరగా నిండుతుంది. పైపుల సంగతి వేరే చెప్పాలి. వ్యర్థ నీళ్లకు వాడే మామూలు పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కాస్టిక్ రసాయనంగా దాన్ని తినకపోయినా, ఒకే చోట పుట్టే వేడి అతుకులను వదులు చేస్తుంది. మా బాటిల్ ట్రాప్ రింగు వంకరపోయి సన్నగా కారడం నాలుగేళ్లలో రెండుసార్లు జరిగింది.

ఇక ఐదేళ్లుగా వాడుతున్న వాటి గురించి చెబుతాను. మొదటిది రబ్బరు గిన్నె ఉన్న ప్లంజర్. కొత్తలో నాకు ఇది పనికిరాని వస్తువనిపించింది, ఎందుకంటే దాన్ని వాడే తీరు తెలియదు. సింకు పక్కన పైన ఉండే చిన్న రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయకపోతే, మనం తోసే గాలి అంతా అందులోంచే పోతుంది. జంట సింకు అయితే రెండో జాలీని కూడా మూయాలి. రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లు ఉండాలి, గాలిని కాక నీళ్లను తోయాలి. తోయడం కంటే పైకి లాగడమే ఎక్కువ పని చేస్తుంది. పదిహేను ఇరవై సార్లు లయగా చేసి, ఒక్కసారిగా పైకి లాగితే పది అడ్డుల్లో ఆరేడు మా ఇంట్లో దీనితోనే పోయాయి. ముందే ఎవరైనా పొడి పోసి ఉంటే మాత్రం ప్లంజర్ ముట్టుకోకూడదు, ఆ నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

ప్లంజర్‌కు లొంగనప్పుడు బాటిల్ ట్రాప్ విప్పుతాను. కింద బకెట్టు పెట్టి, చేతితోనే మర తిప్పితే ఊడివస్తుంది. లోపలి టీపొడి, అన్నం మెతుకులు, జిడ్డు పాత టూత్‌బ్రష్‌తో తోమి, వాషరు సరిగ్గా కూర్చోబెట్టి బిగించడానికి పావుగంట చాలు. పానా పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది కనుక చేతి బలమే సరిపోతుంది. ఈ పని నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు ఎందుకు పట్టిందో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

బాత్రూముల సమస్య వేరు. అక్కడ నేల మీది జాలీ కింద ఉండే నాని ట్రాపులో చేరేది వెంట్రుకలు, కొబ్బరినూనె, కుంకుడుకాయ పిప్పి. దానికి ముళ్లున్న సన్నని ప్లాస్టిక్ పట్టీ బాగా పనిచేస్తుంది. జాలీ తీసి లోపలికి దింపి, తిప్పి లాగితే జడంత ముద్ద బయటికి వస్తుంది. అడ్డు ఇంకా దూరంగా ఉంటే చేతిపిడి ఉన్న స్ప్రింగు వైరు వాడతాను. మాది సుమారు ఐదు మీటర్ల పొడవుది. తోసుకుంటూ కాకుండా తిప్పుకుంటూ పోవాలి, లేకపోతే వంపు దగ్గర మడతపడి ఇరుక్కుంటుంది. వాడిన తర్వాత కడిగి, ఆరబెట్టి, కొద్దిగా నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. నా మొదటి వైరు అట్లాగే పాడైంది.

వేడినీళ్లు పోయమని అందరూ చెబుతారు. జిడ్డు కొత్తదైతే అవి మంచివే, అయితే మరిగే నీళ్లను పీవీసీలో పోయవద్దు, చేయి పెట్టలేనంత వేడి ఉంటే చాలు. తినేసోడా, వెనిగర్ కలిపి పోసే చిట్కాను ఏడాదిపాటు వాడి చూశాను. నురగ బాగా వస్తుంది గానీ ఆ రెండూ ఒకదాన్నొకటి విరగ్గొట్టుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పునీళ్ల వంటిదే. వాసన తగ్గింది, అడ్డు మాత్రం ఎన్నడూ తొలగలేదు. హాని లేదు కనుక వాడేవారిని వద్దనను.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చినవి సింకులో పెట్టిన సన్నకన్నాల స్టీలు జాలీ, మూకుడును కడిగే ముందు పాత వార్తాపత్రికతో తుడిచే అలవాటు. ఇప్పుడు సకినాల నూనెను చల్లార్చి, సీసాలో పోసి, చెత్తబండికి ఇస్తున్నాము. పిండి గిన్నెలు కడిగిన నీళ్లు పెరట్లోని చెట్టుకు పోతాయి. పైన అద్దెకున్నవారికి కూడా ఇల్లు ఇచ్చేటప్పుడే చెప్పాను, ఎందుకంటే వాళ్లు పోసిన పొడి అదే నిలువు పైపులోంచి మా ట్రాపు దగ్గరికే దిగుతుంది. ఒకవేళ ఎవరైనా ఏదైనా పోసి ఉంటే, ప్లంబర్ చేయి పెట్టకముందే ఏం పోశారో, ఎప్పుడు పోశారో చెప్పాలని వాళ్ల దగ్గర మాట తీసుకున్నాను. మా ప్లంబర్ ఇప్పుడు ఏ ఇంటికి పోయినా స్పానరు తీయకముందు ఆ ప్రశ్నే అడుగుతాడు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు తొడుక్కొంటాడు.

ఈ పనిముట్లతో తేలనిది మా ఇంట్లో ఒక్కటే ఉంది. కింద వెనకవైపు బాత్రూము వానాకాలంలో రెండు మూడు సార్లు నిలుస్తుంది. స్ప్రింగు వైరు వేస్తే ఏమీ తగలదు, బయట పైపులు కలిసే చాంబర్ మూత తీస్తే పైపు నోటిదాకా నీళ్లు ఉంటాయి. ఇల్లు కట్టినప్పుడు పైపుకు వాటం సరిపోలేదని, మోరీ మట్టం పెరిగాక నీళ్లు వెనక్కి తన్నుతున్నాయని ప్లంబర్ తేల్చాడు. దానికి నేల పగలగొట్టి చాంబర్ ఎత్తు పెంచి, పైపు మళ్లీ వేయాలి. వచ్చే వేసవిలో ఆ పని చేయించడానికి నిర్ణయించుకున్నాము. అప్పటిదాకా వాన పడిన రోజు ఆ గది వాడటం మానేస్తున్నాము.