టోక్యో కత్తుల మ్యూజియం: వంగి చూస్తేనే కనిపిస్తుంది

రియోగోకు స్టేషన్‌లో దిగి, పాత యసుదా తోట దాకా నడిస్తే చాలు. మ్యూజియాన్ని ఇక్కడికి మార్చింది 2018లో. టికెట్ 1000 యెన్లు. చూడాల్సింది ఒక్క హాలే అయినా నాకు రెండున్నర గంటలు పట్టింది.

నిటారుగా నిలబడితే కనిపించేది ఇనుప బద్దే. కాస్త మోకాళ్లు వంచి, వెలుగు అంచు మీద జారేలా తల కదపండి. హమోన్ గీత, అంటే గట్టిపరిచిన అంచుకీ మిగతా ఉక్కుకీ మధ్య సరిహద్దు, తెల్లటి పొగమంచులా పైకి తేలుతుంది. దానికి పైన, ఉక్కులో చెక్క రేకల్లాంటి అల్లిక. అక్కడే నేను ఆగిపోయాను.

పిడిలోకి దూరే తోక భాగం, నకాగో, తుప్పుతోనే ఉంటుంది. ఎవరూ తోమరు. వయసు చెప్పేది ఆ నల్లటి తుప్పే, తోమితే కత్తి విలువే పోతుంది. ప్రదర్శనలో పదునైన అంచు కిందికి పెడితే తాచీ రకం కత్తి, పైకి పెడితే కతనా రకం అని గుర్తుపెట్టుకోండి.

నిరుడు ఒక దుకాణంలో పాతదని నమ్మి త్సుబా, అంటే పిడి దగ్గర చేతిని కాపాడే లోహపు బిళ్ల, కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే రంధ్రం లోపల పోత గీత, అంటే అచ్చులో పోసిన నకలన్నమాట! చాలా బాధపడ్డాను. కొనేముందు ఇలాంటి చోట అసలువి కళ్లారా చూసి ఉండాల్సింది. సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు.