ఇంట్లో విందుకు ఏది మేలు: స్టీలు కంచమా, అరటాకా, వక్కమట్ట పళ్లెమా?

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో గృహప్రవేశమో, సత్యనారాయణ వ్రతమో, సీమంతమో జరిగిన రోజున ఆ ఇంటి నుంచి బయటికి వెళ్లే చెత్త మామూలుగా వారమంతా వచ్చే చెత్తను మించిపోతుంది. రోజూ గుడ్డ సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్లేవారు, పాల ప్యాకెట్లను కడిగి ఆరబెట్టి పొడిచెత్తలో వేసేవారు కూడా, 50 మంది భోజనానికి వస్తున్నారనగానే ఒకసారి వాడి పారేసే పళ్లేలు, కప్పుల వైపే చూస్తారు. ఆ ఒక్క పూట విషయంలో సరైన ఎంపిక చేసుకుంటే రోజువారీ జాగ్రత్తలు చాలావాటి కంటే ఎక్కువ ఫలితం ఉంటుందన్నది నా నమ్మకం. నా నిర్ణయాన్ని ముందే చెబుతాను. అతిథులు 40 మంది లోపు ఉండి, ఇంట్లో నీటికి ఇబ్బంది లేకపోతే స్టీలు కంచాలే మేలు. అంతకు మించిన జనం వచ్చినా, ట్యాంకరు నీటితో నెట్టుకొచ్చే వేసవి అయినా అరటాకు గాని, కుట్టిన విస్తరి గాని మేలు. వక్కమట్ట పళ్లెం మూడో స్థానంలో ఉంటుంది. కాగితపు పళ్లేనికి ఈ వరుసలో చోటే లేదు.

కాగితపు పళ్లేన్ని అంత త్వరగా పక్కన పెట్టడానికి కారణం ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2016 మార్చిలోనే ప్లాస్టిక్ సంచులతో పాటు ప్లాస్టిక్, థర్మాకోల్ పళ్లేలు, కప్పులు, చెంచాలు, చివరికి భోజనాల బల్ల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లను కూడా నిషేధించింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, గ్లాసులు, చెంచాలపై దేశమంతటా నిషేధం వచ్చింది. వాటి స్థానంలోకి వచ్చిన కాగితపు పళ్లేలు చాలావాటికి, పులుసు పీల్చకుండా లోపలి వైపున పలుచని పాలిథీన్ పొర అతికించి ఉంటుంది. ఎంగిలి అంటిన అలాంటి పళ్లేన్ని ఆ పొర వల్ల తడిచెత్తలో వేయలేము, ఎంగిలి వల్ల పొడిచెత్తలోనూ వేయలేము, కాబట్టి అది చివరికి నగరం బయటి చెత్తగుట్టకే చేరుతుంది. ఆ గుట్టలు ఎవరి ఊళ్లో ఉంటాయో బెంగళూరువాసులు మరిచిపోకూడదు. మావళ్లిపుర ప్రజలు 2012 దాకా, మండూరు ప్రజలు 2014 చివరి దాకా మన చెత్తను, దాని కంపును, దాని నుంచి కారే మురికినీటిని భరించి, పోరాడి, ఆ లారీలను ఆపించుకోవలసి వచ్చింది.

స్టీలు కంచం మీద అందరూ వేసే ప్రశ్న నీటి గురించే, అది న్యాయమైన ప్రశ్న కూడా. ఈ నగరానికి కావేరి నీరు మండ్య జిల్లాలోని తొరెకాడనహళ్లి పంపింగ్ కేంద్రం నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు 500 మీటర్ల ఎత్తు పంపుల మీద ఎక్కి వస్తుంది కాబట్టి, ఇక్కడ వృథా అయ్యే ప్రతి బిందె వెనుక ఆ మేరకు కరెంటు ఖర్చు కూడా ఉంటుంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, శివారు ప్రాంతాల వాళ్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు అందరికీ గుర్తున్నాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రారంభమైన కావేరి నీటి పథకం అయిదో దశ, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం ఉద్దేశించినదే అయినా, పైపు వచ్చిన ప్రతిచోటా వేసవి చింత తీరిందని అనలేము. అయితే కంచాలు తోమడానికి ఎంత నీరు పడుతుందన్నది మనం తోమే పద్ధతి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కుళాయి నిమిషానికి ఆరు లీటర్ల చొప్పున పారుతుందనుకుంటే, గంటసేపు విప్పి ఉంచి తోమినప్పుడు 360 లీటర్లు పోతాయి. అదే పనికి 20 లీటర్ల టబ్బులు మూడు పెట్టుకుని, ముందుగా ఎంగిలి దులిపి, నూనెను పాత దినపత్రిక ముక్కతో తుడిచి, మొదటి టబ్బులో నానబెట్టి, రెండో దానిలో తోమి, మూడో దానిలో జాడించి, జాడించే నీటిని ఒకసారి మార్చుకున్నా, 40 కంచాలకు 80 లీటర్లతో సరిపోతుంది. మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉన్న అపార్ట్‌మెంట్లలో ఆ నీరు శుద్ధి అయ్యాక మరుగుదొడ్ల ఫ్లష్‌కో, తోటకో తిరిగి పనికి వస్తుంది.

కంచాలు కొనవలసిన పని లేదు. షామియానా సామాను అద్దెకిచ్చే దుకాణాల్లో కంచాలు, గ్లాసులు, గరిటెలు, బేసిన్లు అన్నీ దొరుకుతాయి. అదమ్య చేతన సంస్థ వేడుకలకు స్టీలు పళ్లేలు ఇచ్చే ప్లేట్ బ్యాంకును ఈ నగరంలోనే నడుపుతోంది. కొన్ని అపార్ట్‌మెంట్ల సంఘాలు కూడా అలాంటి ఉమ్మడి సామానును సమకూర్చుకున్నాయి, ఇది ప్రతి సంఘమూ చేయదగిన పని. అద్దె సామాను ముందు రోజే తెప్పించుకుని ఒకసారి వేడినీళ్లతో కడిగి పెట్టుకోవడం మంచిది.

స్టీలు కంచం విషయంలో నీటి కంటే తక్కువగా చర్చకు వచ్చేది శ్రమ. మనం పర్యావరణం పేరు చెప్పి స్టీలు కంచాలు వేస్తే, ఆ 40 కంచాలనూ తోమేది సాధారణంగా ఇంట్లో పనిచేసే ఒక్క స్త్రీ. ఆమెకు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే, ఆ రోజు పనికి విడిగా డబ్బిచ్చి, తోడుగా మరొకరిని పెట్టి చేయించాలి. అది కుదరకపోతే మొహమాటం లేకుండా ఆకు వేయడమే ధర్మమని నా అభిప్రాయం. తిన్న కంచంలోని ఎంగిలిని ఎవరికి వారే తడిచెత్త వేసే పచ్చ బుట్టలోకి దులిపి, నీళ్ల టబ్బులో వేసే ఏర్పాటు చేస్తే సగం పని అక్కడే తగ్గుతుంది, బంధువులెవరూ దాన్ని తప్పు పట్టరు.

అరటాకు గొప్పతనం చెప్పనక్కరలేదు. కృష్ణరాజ మార్కెట్లో కట్టలుగా దొరుకుతుంది, తోమే పని లేదు, పూర్తిగా కుళ్లి ఎరువవుతుంది. అయితే ఆకు కదా అని ఎలా పడితే అలా పారేస్తే దాని మేలు సగం పోతుంది. మడతపెట్టిన ఆకులు ఒకదానిమీద ఒకటి అతుక్కుని, గాలి తగలక, ముద్దగా కుళ్లి వాసన వేస్తాయి. లావుపాటి ఈనె తీసి, ఆకును నాలుగైదు ముక్కలుగా కోసి, ఎండుటాకులు గాని, కొబ్బరిపొట్టు గాని కలిపి వేస్తే త్వరగా ఎరువవుతాయి. బెంగళూరులోనే 2006లో మొదలైన డైలీ డంప్ సంస్థ ద్వారా పేరుపొందిన అంతస్తుల మట్టికుండలు రోజువారీ వంటింటి చెత్తకు బాగా సరిపోతాయి గాని, ఒకేసారి 50 ఆకులను అవి మోయలేవు. అందువల్ల మిగిలినవి అపార్ట్‌మెంటు ఎరువు గుంతకో, తడిచెత్త బండికో చేరవలసిందే. వాటిని ప్లాస్టిక్ కవరులో మూటకట్టకుండా బుట్టతోనే ఇవ్వాలి. పండగ రోజుల్లో ఆకు ధర పెరుగుతుంది కాబట్టి ముందుగా చెప్పి ఉంచుకోవాలి.

కుట్టిన విస్తరిని బెంగళూరు తెలుగువాళ్లు ఎక్కువగా తలచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఉత్తరాంధ్ర మన్యంలో గిరిజనులు సేకరించే అడ్డాకు, మైదానంలో దొరికే మోదుగాకు, రెండూ ఎండాక తేలికగా, నెలల తరబడి నిల్వ ఉండేవి. ఊరి నుంచి వచ్చే బంధువులు ఒక కట్ట తెచ్చినా బరువనిపించదు, దాని ధరలో కొంతైనా ఆకు ఏరినవారికి చేరుతుంది. చూసుకోవలసింది ఒకటే. యంత్రం మీద అచ్చువేసిన కొన్ని విస్తళ్ల వెనుక ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు. పుల్లలతో కుట్టినదే అడిగి తీసుకుంటే ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడి దుకాణాల్లో అడికె హాళె తట్టె పేరుతో అమ్మే వక్కమట్ట పళ్లెం, కాగితపు పళ్లెం కంటే ఎంతో మేలు. చెట్టు నుంచి దానంతట అదే రాలిన మట్టను కడిగి, వేడి అచ్చులో నొక్కి చేస్తారు, జిగురు గాని పొర గాని అవసరం ఉండదు. దేశంలో వక్క ఎక్కువగా పండించేది కర్ణాటకే కాబట్టి అది దూరం నుంచి రావలసిన పనీ లేదు. అయినా మూడో స్థానం ఎందుకంటే, మందంగా ఉండే ఆ మట్ట ముక్కలు చేయకపోతే ఆకులంత తొందరగా కుళ్లదు, పైగా ఆహార భద్రత విషయంలో ఒక సందేహం కూడా వచ్చి పడింది. వక్కమట్టలోని ఆల్కలాయిడ్లనే రసాయనాలు ఆహారంలోకి దిగే అవకాశం ఉందని, భోజన పాత్రలుగా వాటిని వాడరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ప్రకటించింది. ఒక పూట భోజనానికి భయపడనక్కరలేదనిపించినా, ఆకు దొరికే ఊళ్లో ఉంటూ దాన్ని మొదటి ఎంపికగా సూచించలేను.

గ్లాసుల దగ్గర మాత్రం ఇంత తూకం అవసరం లేదు, ఎంతమంది వచ్చినా స్టీలు గ్లాసే. పొర ఉన్న కాగితపు కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు విడుదలయ్యాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. వేడి కాఫీని అందులో పోసి పెద్దవాళ్ల చేతికివ్వడం నాకు మనస్కరించదు. గ్లాసు కడగడానికి పట్టే నీరు కూడా తక్కువే. మంచినీళ్లకు చిన్న సీసాల బదులు 20 లీటర్ల క్యాను, పక్కన జగ్గులు పెడితే చాలు.

చివరగా తాంబూలం సంచి. బట్టలా కనిపించే నాన్‌వోవెన్ సంచి నిజానికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. కొత్త నూలు సంచి కూడా తేలికైనదేమీ కాదు. వాతావరణంపై ప్రభావం దృష్ట్యా, పలుచని ప్లాస్టిక్ కవరుకు సాటి రావాలంటే నూలు సంచిని 131 సార్లు, నాన్‌వోవెన్ సంచిని 11 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కకట్టింది. పేర్లు, తేదీ అచ్చువేసిన సంచిని అన్నిసార్లు బజారుకు తీసుకెళ్లేవారు తక్కువ. అందుకే రవికె గుడ్డనే పరిచి, పండు, ఆకువక్క, పసుపు కుంకుమలు అందులో ఉంచి మూటకట్టి ఇవ్వడం అన్నిటికన్నా మేలు. మిగిలిన పులిహోర, బూరెలు ఇంటికి పంపాలనుకుంటే, పిలిచేటప్పుడే ఒక డబ్బా తెచ్చుకోమని చెబితే సరిపోతుంది.