వంటనూనెతో ఏడేళ్లు: మా పాత వ్యాను, దాని చిన్న మీట

మా 1994 నాటి టెంపో ట్రావెలర్‌ను వాడేసిన వంటనూనెతో నడిచేలా 2017లో మార్పించాం. అప్పటి నుంచి ఏడేళ్లుగా అందరూ నన్ను అడిగేవి రెండే: మైలేజీ ఎంత, పొగలో గారెల వాసన వస్తుందా అని. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాసన వస్తుంది గాని రెండు వారాల్లో ముక్కుకు అలవాటైపోతుంది. నేను చెప్పదలచుకున్నది మాత్రం డాష్‌బోర్డు మీద, హజార్డ్ లైటు స్విచ్చి పక్కనే బిగించిన ఒక చిన్న మీట గురించి.

ఈ పద్ధతిలో నూనెను బయోడీజిల్‌గా మార్చే పని ఉండదు. బాగా వడకట్టి, తడి లేకుండా చేసి నేరుగా కాలుస్తాం. అయితే వంటనూనె డీజిల్ కన్నా ఇంచుమించు పది రెట్లు చిక్కన కాబట్టి, ఇంజనును చల్లబరిచి వేడెక్కి వచ్చే కూలెంటు ద్రవాన్ని, నూనె కోసం విడిగా పెట్టిన రెండో ట్యాంకు గుండా తిప్పి నూనెను డెబ్బై, ఎనభై డిగ్రీల దాకా వేడెక్కించాలి. బండిని డీజిల్‌తో స్టార్టు చేయడం, ఇంజను వేడెక్కాక మీట వేసి నూనెకు మారడం, ఆపడానికి ఐదు నిమిషాల ముందు మీట తీసి మళ్లీ డీజిల్‌కు రావడం: చేయాల్సింది ఇంతే. ఆ చివరి ఐదు నిమిషాల్లోనే పంపులోనూ, ఇంజనులోకి ఇంధనం చిమ్మే నాజిళ్లలోనూ మిగిలిన నూనె కడుక్కుపోతుంది.

2022 జనవరిలో రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా దేవమాలికి వెళ్లాం. 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం అది. పైకి చేరేసరికి చీకటి పడింది, గాలి చెవులు కోసేస్తోంది, వెనక వచ్చిన జీపువాడు దారివ్వమని హారను మీద హారను కొడుతున్నాడు. ఆ కంగారులో బండిని పక్కకు తీసి తాళం తిప్పేశాను. మీట నూనె మీదే ఉండిపోయింది. ట్యాంకులో ఉన్నది మా బావమరిది మిక్చరు దుకాణంలో వాడేసిన పామోలిన్; కొండ మీద రాత్రి చలికి అది ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

తెల్లవారి సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగింది గాని అందుకోలేదు. బానెట్ ఎత్తి ఫిల్టరు విప్పితే లోపల పేరిన నెయ్యిలా తెల్లగా ముద్ద. అప్పుడు కూడా సెల్ఫ్ కొడుతూ ఉంటే ముందు బ్యాటరీ, తరవాత పంపు పోయేవి. ఆ ఒక్క తప్పూ చేయలేదు. బండిలో స్టవ్ ఉండబట్టి మంచినీళ్లు కాచి, గుడ్డలు ముంచి, పంపుకూ నాజిల్ పైపులకూ ఒకటి తరవాత ఒకటి చుట్టుకుంటూ వచ్చాం. ఇరవై లీటర్ల క్యాను అయిపోయింది, మా ఆవిడ కాఫీ నీళ్లతో సహా. ఫిల్టరు శుభ్రం చేసి, మీట డీజిల్‌కు తిప్పి, నాజిల్ పైపుల నట్లు వదులు చేసి ఎయిర్ తీస్తుంటే, మొదట ముద్దలుగా నూనె, తరవాత పల్చగా డీజిల్ వచ్చాయి. బండి కదిలేసరికి పదకొండు దాటింది.

తప్పు నాదే. అయినా తాళం తీస్తుంటే నూనె మీద ఉన్నావని చెప్పే ఏర్పాటు ఒక్కటీ లేకుండా ఆ మీట బిగించిన మెకానిక్కు మీద నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. తిరిగి వచ్చాక ఎలక్ట్రీషియను చేత హ్యాండ్‌బ్రేకు వైరుకు బజరు కలిపించాను. మీట నూనె మీద ఉండగా హ్యాండ్‌బ్రేకు లాగితే అది మోగుతుంది. ఇంత మార్పించిన ఖర్చులో అదే అన్నిటికన్నా తక్కువది.

కోరాపుట్ వైపు పండే వలిసెల నూనె చలికి పేరుకోదు కదా, అది పోయవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. పేరుకోని మాట నిజమే గాని, అది గాలి తగిలితే ఆరి గట్టిపడే గుణమున్న నూనె. పిస్టన్ల పక్క నుంచి ఇంజను ఆయిల్లోకి జారితే జిగురు కడుతుంది. పైగా తినే నూనెను బండికి పోయడానికి నాకు మనసొప్పలేదు.

మొదటి రెండేళ్లలో, ఇంజనుకు ఏ హానీ లేదు, శబ్దం కూడా తగ్గింది అని కనిపించిన వారందరికీ చెప్పాను. శబ్దం తగ్గిన మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. హాని గురించి మాత్రం, ఇంజను ఆయిల్‌ను ఇంతకుముందు మార్చే దూరంలో సగానికే మారుస్తున్నానని, కిందటేడు విప్పిస్తే రెండు నాజిళ్లకు మసి గట్టిగా పట్టి ఉందని కూడా చెప్పాలి. ప్రీ-ఛాంబరు (ఇంధనం ముందుగా అంటుకునే చిన్న గది), ఇన్‌లైన్ పంపు (ఒక్కో సిలిండరుకు విడివిడిగా ఇంధనం తోసే పాతకాలపు పంపు) ఉన్న ఇంజను కాబట్టి ఓర్చుకుంది. చాలా ఎక్కువ ఒత్తిడితో ఇంధనం చిమ్మే ఈనాటి కామన్ రైల్ ఇంజనులో ఈ ప్రయోగం వద్దనే అంటాను.

నూనె కూడా మునుపటిలా ఊరికే దొరకడం లేదు. ఆహార భద్రతా సంస్థ 2018లో వాడిన నూనె సేకరణకు రూకో కార్యక్రమం మొదలుపెట్టాక, పెద్ద హోటళ్ల నూనెకు కొనేవాళ్లు ఏర్పడ్డారు. ఇక బండిలో ఇలాంటి మార్పుకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి సంగతీ, బీమా సంగతీ ముందే తేల్చుకోవాలి.

నాకైతే పక్క వీధిలో బావమరిది దుకాణం ఉంది, పెరట్లో నూనె తేరుకోవడానికి డ్రములు పెట్టుకునే చోటు ఉంది, ఉద్యోగ విరమణ తరవాత వడకట్టుకునే తీరిక ఉంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మళ్లీ ఈ పని చేయిస్తానని గట్టిగా చెప్పలేను. ఈ శీతాకాలం కూడా దేవమాలి వెళ్తాం గాని, సిమిలిగుడ దాటాక డీజిల్ మీదే.