పడవ కన్నా ముందు ట్రైలర్: టెక్సోమా, ఫోర్క్ ప్రయాణాల్లో తెలిసివచ్చినవి

పడవ అమ్మిన పెద్దమనిషి ఒకే మాట అన్నాడు: "దీనికేముంది, ఏ కారైనా లాగేస్తుంది." అందులో అబద్ధం లేదు. నిజంగానే ఏ కారైనా లాగుతుంది. ఆపేటప్పుడు, వెనక్కి నడిపేటప్పుడు, రాత్రికి ఎక్కడో ఒకచోట నిలపాల్సి వచ్చినప్పుడు అసలు కథ మొదలవుతుంది. ఈ సంగతి తెలియడానికి నాకు ఏడాదిన్నర కాలం, నాలుగు ప్రయాణాలు, ఒక కాలిపోయిన బేరింగ్ ఖర్చయ్యాయి.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. మాకు చేపల వేటకు రెండు దారులు. ఉత్తరానికి 75వ నంబరు హైవే పట్టుకుంటే డెనిసన్ దాటగానే లేక్ టెక్సోమా వస్తుంది. తూర్పుకి తిరిగితే గ్రీన్‌విల్, ఎమొరీ ఊళ్ళ మీదుగా లేక్ ఫోర్క్. మా పడవ పద్దెనిమిది అడుగుల అల్యూమినియం పడవ, వెనక 115 హార్స్‌పవర్ మోటారు. కారు టయోటా హైలాండర్ హైబ్రిడ్. దాని లాగుడు పరిమితి 3,500 పౌండ్లు. పడవ కాగితంలో 1,150 పౌండ్లని ఉంది. సగం కూడా లేదు కదా అని ధీమాగా బయలుదేరాను.

మొదటి ప్రయాణం టెక్సోమాకు. రెడ్ నది మీద డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయ్యాక ఏర్పడిన జలాశయం ఇది. ఒక ఒడ్డు టెక్సాస్, ఎదుటి ఒడ్డు ఓక్లహోమా. రెండు వైపులా చెల్లేలా ఈ ఒక్క జలాశయానికే చేపలు పట్టే ప్రత్యేకమైన లైసెన్సు ఇస్తారు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్ట్రైపర్ చేప కోసం వస్తారు. అది సముద్రపు చేప అయినా ఇక్కడ గుడ్లు పెట్టి పెరుగుతోంది. 2004 జనవరిలో ఇదే నీళ్ళలో 121.5 పౌండ్ల బ్లూ క్యాట్‌ఫిష్ పడింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. మా బావమరిది దారి పొడవునా ఆ చేపతో పులుసు ఎన్ని గిన్నెలు వస్తుందో లెక్క వేస్తూనే ఉన్నాడు.

బస ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కులో. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పుట్టింది డెనిసన్‌లోనే. నీళ్ళు, కరెంటు ఉన్న క్యాంపు స్థలం తీసుకున్నాం. పన్నెండేళ్ళ వరకు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. చెట్లు, కొండరాళ్ళు, కింద నీళ్ళు: కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు నేను దీనికే మొదటి మార్కు వేస్తాను. ఒక్క జాగ్రత్త. బుక్ చేసేముందు ఆ స్థలం పొడవు ఎంత, అందులోకి వెనక్కి నడిపి వెళ్ళాలా లేక నేరుగా దూసుకుపోవచ్చా చూసుకోవాలి. కారు, ట్రైలర్ కలిస్తే నలభై అడుగుల దాకా వస్తుంది. నేను చూసుకోలేదు. చీకటిలో, పక్క క్యాంపులవాళ్ళు కుర్చీలు వేసుకుని చూస్తుండగా, ఆ ట్రైలర్‌ను సందులోకి తోయడానికి నలభై నిమిషాలు పట్టింది. చివరికి ఒక ముసలాయన లేచి వచ్చి, "చెయ్యి స్టీరింగు పైన కాదు, అడుగున పట్టుకో. ట్రైలర్ ఎటు వెళ్ళాలో చెయ్యి అటు కదుపు" అన్నాడు. అంతే, మూడో ప్రయత్నంలో లోపలికి వెళ్ళింది. డబ్బు పోసి కొన్న వెనక కెమెరా చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది.

తిరుగు ప్రయాణంలో మెకిన్నీ దగ్గర ముందున్న కారు ఉన్నట్టుండి ఆగింది. నేనూ బ్రేకు తొక్కాను. వెనక నుంచి పడవ మమ్మల్ని నెట్టింది. ఆ నెట్టుడు వెన్నులో తెలిసింది. గుద్దుకోలేదు కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి వారం సామానంతా అలాగే ఉంచి, ట్రక్కు స్టాపులో లారీలు తూచే కాటా మీదికి ఎక్కించాను. ఇరుసు ఇరుసుకూ విడిగా బరువు చూపిస్తుంది కాబట్టి దీన్ని మించిన పద్ధతి లేదు. ఒకసారి ట్రైలర్‌తో, ఒకసారి విప్పేసి కారు ఒక్కదాన్నే తూచాను. ట్రైలర్ చక్రాల మీద 2,840 పౌండ్లు, కారు మీద అదనంగా పడింది 290. మొత్తం 3,130. కాగితంలోని 1,150 కేవలం ఖాళీ పడవది. మోటారు 360, ట్రైలర్ ఇనుము 700, ఇరవై అయిదు గ్యాలన్ల పెట్రోలు 150, మూడు బ్యాటరీలు 180. మిగిలిన దాదాపు 600 పౌండ్లు లంగరు, ముందుండే చిన్న ఎలక్ట్రిక్ మోటారు, ఐసుపెట్టె, గుడారాలు, రెండు రాత్రులకని మా అత్తగారు కట్టిచ్చిన వంటసామాను.

కారు పరిమితి 3,500 కాబట్టి లెక్కలో నెగ్గాం అనుకుంటుండగా బావమరిది ట్రైలర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తుప్పు పట్టిన రేకును చొక్కా అంచుతో తుడిచాడు. "బావా, ఇది చదువు" అన్నాడు. ట్రైలర్ తన బరువుతో కలిపి మోయగలిగింది 2,750 పౌండ్లు. అంటే ఇన్నాళ్ళూ కారు గురించి బెంగపడ్డాను కానీ, కిందున్న ట్రైలరే మోయలేని బరువు మోస్తోంది. టైరు మీద చివరి నాలుగు అంకెలు 2216 అని ఉన్నాయి. అంటే 2016లో 22వ వారంలో తయారైనది. అరుగుదల లేదు, నిగనిగలాడుతోంది, కానీ ఎండకు పక్కగోడల మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు. పడవ ట్రైలర్ టైర్లు తిరిగి అరగవు, నిలబడి పాడవుతాయి.

హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే చోట పడే ఆ 290 పౌండ్ల సంగతి ఎడ్లబండి తోలినవాళ్ళకు చెప్పనక్కరలేదు. బరువు ముందుకు ఎక్కువైతే కాడి కింద ఎద్దు మెడ వంగిపోతుంది. వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. ట్రైలర్‌కూ అదే సూత్రం. మొత్తం బరువులో సుమారు పదో వంతు హిచ్ మీద ఉండాలి. అంతకన్నా బాగా తగ్గితే హైవే వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మాది తొమ్మిది శాతానికి కాస్త పైన, పరవాలేదు.

తెలిసీ అదే ట్రైలర్‌తో ఇంకో ప్రయాణం చేశాను. నా తప్పే. ఈసారి లేక్ ఫోర్క్, బావమరిది మినీవ్యానుతో. దానికీ 3,500 పౌండ్ల పరిమితే. లోపల కూర్చోవడానికి రాజభోగం. కానీ అది ముందు చక్రాలతో నడిచే బండి. ర్యాంపు మీద, అంటే ట్రైలర్‌ను నీళ్ళలోకి దింపే కాంక్రీటు వాలు మీద, పడవ ఎక్కించుకుని పైకి లాగేటప్పుడు బరువంతా వెనక్కి వాలింది. ముందు చక్రాలు పాచి పట్టిన కాంక్రీటు మీద గిర్రున తిరిగాయి. కాలిన రబ్బరు వాసన, బండి అంగుళం కదలదు. వెనక వరుసలో ఎదురుచూస్తున్న పికప్ మనిషి తాడు వేసి లాగితే బయటపడ్డాం. ర్యాంపు ఉన్న ప్రతిచోటా వెనక చక్రాల లేదా నాలుగు చక్రాల బండే ఉండాలని నేను ఖాయంగా చెప్పగలను.

లేక్ ఫోర్క్ నాకు టెక్సోమా కన్నా నచ్చింది. నీళ్ళలో నిలువునా ఎండిన చెట్ల మోడులు, వాటి నీడన పెద్ద నోటి బాస్ చేపలు. టెక్సాస్ రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్ల బాస్ 1992లో ఇక్కడే పడింది. 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బాస్‌ను తిరిగి నీళ్ళలో వదిలేయాలి. తినడానికి వెళ్ళేవాళ్ళకు ఈ నియమం గుండెకోత. బస మొదటి రాత్రి హైవే పక్కన ఒక మోటెల్. ఫోనులో "ట్రక్ పార్కింగ్ ఉంది" అన్నారు. ఉన్నది ఒక మూల, చెత్తకుండీ పక్కన, దీపం లేదు. బయట ప్లగ్గు లేదు, బ్యాటరీలు ఛార్జి కాలేదు. రెండో రాత్రి చెరువు ఒడ్డున కంకర ఆవరణ ఉన్న కట్టె క్యాబిన్‌కు మారాం. పరుపు గట్టిది, టీవీ పనిచేయలేదు. కానీ ట్రైలర్ విప్పకుండా గుండ్రంగా తిరిగి బయటికి రావచ్చు, గుమ్మం పక్కనే కరెంటు ప్లగ్గు, చేపలు కోయడానికి దీపం కింద రాతిబల్ల, పక్కన కొళాయి. మోటెల్ కన్నా అద్దె ఎక్కువైనా మళ్ళీ అక్కడికే వెళ్తాను.

తిరిగి వస్తుంటే ఎమొరీ దగ్గర కుడి చక్రం నుంచి కీచుమని శబ్దం. ఆగి చూస్తే రిమ్ము లోపలంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. చక్రం మధ్యలో బేరింగ్ ఉండే హబ్బు మీద చెయ్యి పెట్టలేకపోయాను. దారిలో వేడెక్కిన హబ్బును వెళ్ళగానే చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి, పాత సీలు సందుల్లోంచి నీళ్ళను పీల్చుకుంటుంది. గ్రీజు పాలలా తెల్లబడి, బేరింగ్ మాడిపోతుంది. మా దగ్గర ఉన్న జాకీ సరిపోలేదు, కారు పానా ట్రైలర్ నట్లకు పట్టలేదు. మెకానిక్ రావడానికి నాలుగు గంటలు పట్టింది, తీసుకున్నది మాత్రం క్యాబిన్ అద్దెకు రెండింతలు.

ఆ తర్వాతే పాత ట్రైలర్ అమ్మేశాను. కొత్తది జింకు పూత ఉన్న ఉక్కు, ఒకే ఇరుసు, 3,800 పౌండ్ల పరిమితి, బ్రేకులు ఉన్నది. రెండు ఇరుసులది తీసుకోమని ఆఫీసులో స్నేహితుడు పట్టుబట్టాడు. ఒక టైరు పేలినా నిలకడగా ఉంటుందన్నది నిజమే. కానీ దాన్ని చేత్తో తిప్పడం ఇద్దరి వల్ల కాదు, టైర్లు కూడా నాలుగు కొనాలి. మా కాలనీ సంఘం పడవను ఇంటి ముందు ఒక్క రాత్రి కూడా ఉండనివ్వదు. గ్యారేజిలో పట్టాలంటే ముందు కాడ మడిచే ట్రైలర్ కావాలి, చేత్తో తోయగలగాలి. మూడు వేల పౌండ్ల పడవకు ఒకే ఇరుసు చాలు. నాలుగు వేలు దాటితే నేనూ రెండు ఇరుసులే తీసుకుంటాను.

టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటితేనే ట్రైలర్‌కు చట్టప్రకారం బ్రేకులు ఉండాలి. కానీ చాలా కార్ల మాన్యువల్‌లో అంతకన్నా చాలా తక్కువ బరువుకే బ్రేకులు కావాలని రాసి ఉంటుంది. మెకిన్నీ దగ్గర జరిగింది గుర్తున్నవాడికి ఏ చట్టమూ చెప్పనక్కరలేదు. పడవ ట్రైలర్లకు ఎక్కువగా వచ్చేవి సర్జ్ బ్రేకులు. కారు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడే బ్రేకు ద్రవాన్ని నొక్కుతుంది. తిరకాసు ఏమిటంటే, ఎత్తు మీదికి వెనక్కి నడిపినా అదే నొక్కుడు పడి చక్రాలు బిగుసుకుపోతాయి. అందుకే రివర్స్ గేరు వేయగానే ఆ బ్రేకు పడకుండా ఆపడానికి ట్రైలర్ వైర్లలో అయిదోది రివర్స్ దీపానికి కలుపుతారు. నా కారుకున్న నాలుగు వైర్ల ప్లగ్గులో అది లేదు. ఇంటి ముందున్న వాలులోనే ట్రైలర్ మొండికేసింది. ఏడు పిన్నుల సాకెట్ పెట్టించాక కదిలింది.

బండి సంగతి. అద్దె కార్లు వద్దు, మామూలు అద్దె ఒప్పందాల్లో ట్రైలర్ లాగడం నిషేధం. ఎలక్ట్రిక్ పికప్ ఉన్న స్నేహితుడితో ఒకసారి వెళ్ళాం. లాగుడు అద్భుతం, కానీ ఛార్జి రెండింతల వేగంగా దిగిపోయింది, ఛార్జింగ్ దగ్గర ట్రైలర్ విప్పకుండా నిలిపే చోటు దొరకలేదు. చివరికి నేను కొన్నది వాడిన మధ్యస్థపు పికప్, నాలుగు చక్రాలది, 6,000 పౌండ్లకు పైగా లాగేది. పెద్ద పికప్ కొనాలని మనసు పీకింది కానీ అది మా గ్యారేజిలో పట్టదు.

నాలుగో ప్రయాణం మళ్ళీ ఫోర్క్‌కే. ఎమొరీ పెట్రోలు బంకులో ఆగి హబ్బుల మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. చెరువు దగ్గర పావుగంట ఆగి, ఆలోగా వెనక పట్టీలు విప్పి, పడవ అడుగున నీళ్ళు వదిలే రంధ్రానికి బిరడా బిగించాను. ముందు కొక్కేన్ని మాత్రం నీళ్ళ అంచుకు చేరేదాకా విప్పలేదు. వచ్చేటప్పుడు పడవలో నీళ్ళన్నీ వదిలేశాం. పడవలో మిగిలిన నీళ్ళతో ఒక చెరువు నుంచి ఇంకోదానికి పాకే జీబ్రా గుల్లలు టెక్సోమాలో 2009లో బయటపడ్డాక ఈ నియమం గట్టిగా అమలవుతోంది. పడినవి పదకొండు బాస్‌లు, అన్నీ 16 నుంచి 24 అంగుళాల మధ్యవే, అన్నీ తిరిగి నీళ్ళలోకే వెళ్ళాయి. దారిలో దుకాణంలో రెండు క్యాట్‌ఫిష్‌లు కొని తెచ్చాను. మా అత్తగారు వాటిని చింతపండు పులుసు పెట్టి, "ఇంత దూరం వెళ్ళి పట్టుకొచ్చావా నాయనా" అన్నారు. బావమరిది నా వైపు చూడలేదు.