సీనియర్ ఐటీ వాళ్లకి ఉద్యోగం ఇప్పిస్తామనే మాదాపూర్ కన్సల్టెన్సీకి డబ్బు కట్టకండి, నాకు 1,85,000 పోయింది

నిన్న మధ్యాహ్నం నుంచి అన్నం సయించలేదు, రాత్రి నిద్ర లేదు. కాస్త చల్లబడ్డాక రాయండి అంటోంది మా ఆవిడ. చల్లబడితే నేను రాయను, సిగ్గేసి ఊరుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

మాదాపూర్‌లో "పదిహేనేళ్ల అనుభవం దాటిన వాళ్లకి ప్రత్యేకం" అని చెప్పి డబ్బు కట్టించుకుంటున్న కన్సల్టెన్సీ గురించి ఇది. ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి పేరు రాయడం లేదు. ఉద్యోగం పోయి నాలుగైదు నెలలు దాటిన వాళ్లకి వాళ్ల ఫోన్ ఈపాటికి వచ్చే ఉంటుంది, చదువుతుంటే ఎవరో మీకే అర్థమైపోతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. ఒరాకిల్ డీబీఏని, అంటే కంపెనీల డేటాబేస్‌లు చూసుకునే పని, 19 ఏళ్ల అనుభవం, వయసు 43. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, అందులోనూ ఎక్కువగా మధ్య స్థాయి, పై స్థాయి వాళ్లని తగ్గిస్తామని ప్రకటించినప్పుడు మా ఆఫీసు క్యాంటీన్‌లో అందరం దాని గురించే మాట్లాడుకున్నాం. నాది ఆ కంపెనీ కాదు. కానీ రెండు నెలలు తిరక్కుండానే మా దగ్గరా మొదలైంది, మొదటి జాబితాలోనే నా పేరుంది. అప్పట్నుంచి ఎనిమిది నెలలు రోజూ పొద్దున్నే లేచి నౌకరీ సైట్లో ప్రొఫైల్ అప్‌డేట్ చేయడం (చేయకపోతే కిందికి వెళ్లిపోతుందని అందరూ చేసేదే), లింక్డిన్‌లో పాత కొలీగ్స్‌కి మెసేజ్‌లు పెట్టడం. రిక్రూటర్లు ఫోన్ చేసి కరెంట్ సీటీసీ (ఏడాది జీతం) ఎంత, నోటీస్ పీరియడ్ ఎంత అని అడుగుతారు. నోటీస్ లేదండీ, రేపే చేరతాను అంటే మొదట సంతోషిస్తారు, ఎన్నాళ్లుగా ఖాళీగా ఉన్నారని అడిగి లెక్క వినగానే మళ్లీ చేస్తామంటారు. మళ్లీ చేయరు. ఇంకొందరికి 8 నుంచి 12 ఏళ్ల వాళ్లే కావాలి. రెజ్యూమె లోంచి మొదటి ఏడేళ్లు తీసేయండి సార్ అని ఒకమ్మాయి మంచిగానే సలహా ఇచ్చింది. ఆ ఏడేళ్లలోనే నేను పని నేర్చుకున్నాను, ఎలా తీసేస్తాను? నిజాంపేట ఫ్లాట్ ఈఎంఐ, పెద్దదాని ఇంటర్ ఫీజు, నాన్న మందులు, ఇవన్నీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ టైంలో వచ్చింది వీళ్ల ఫోన్. నా వివరాలన్నీ వాళ్ల దగ్గర ముందే ఉన్నాయి, పాత జీతంతో సహా. "సార్, మీ లాంటి ప్రొఫైల్ నౌకరీలో పెట్టుకుని కూర్చునేది కాదు సార్, డైరెక్ట్‌గా హైరింగ్ మేనేజర్ దగ్గరికి పంపాలి" అన్నాడు. ప్రతి వాక్యం చివరా సార్. ఎనిమిది నెలల్లో నన్ను అంత మర్యాదగా పలకరించిన మనిషి ఇంకొకడు లేడు. ఆఫీసుకి వెళ్లాను. అద్దాల గది, గోడ మీద కంపెనీల లోగోలు, కాఫీ ఇచ్చారు. రిజిస్ట్రేషన్ 25,000, ఉద్యోగం రాకపోతే వెనక్కి ఇచ్చేస్తామన్నారు. కట్టేశాను.

వారం తిరక్కుండా ఇంటర్వ్యూ పెట్టారు. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. వీడియో కాల్, అవతలి మనిషి కెమెరా పని చేయట్లేదన్నాడు. స్విచోవర్‌కి, ఫెయిలోవర్‌కి తేడా ఏంటి అని అడిగాడు. స్విచోవర్ మనం ముందుగా అనుకుని చేసేది, ప్రైమరీ (అసలు డేటాబేస్), స్టాండ్‌బై (దాని నకలు) రెండూ పాత్రలు మార్చుకుంటాయి, డేటా పోదు, ఫెయిలోవర్ ప్రైమరీ పడిపోయినప్పుడు తప్పక చేసేది, డేటా ఎంత పోతుందన్నది ఏ ప్రొటెక్షన్ మోడ్‌లో పెట్టామన్న దాని మీద ఉంటుంది అని చెప్పి, మీ దగ్గర ఏ మోడ్ వాడుతున్నారండీ అని మామూలుగా అడిగాను. చప్పుడు లేదు. కాగితం తిప్పిన శబ్దం వినిపించింది. తర్వాత "వెరీ గుడ్" అని ఆర్‌మ్యాన్ బ్యాకప్ గురించి అడిగాడు. అది కూడా చదువుతున్నట్టే ఉంది. ఈ ప్రైమరీ, స్టాండ్‌బైల సంగతి చూసే డేటా గార్డ్ తెలిసినవాడు మోడ్ ఏంటన్న ప్రశ్నకి ఆగడు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ డేటాబేస్ పడిపోతే లేచి నిలబెట్టినవాణ్ణి, నాకది తెలియదా? ఆ క్షణమే తెలిసింది. కానీ ఎనిమిది నెలల తర్వాత ఒక మనిషి నా పని గురించి నన్ను అడిగాడు, జవాబు చెప్తే వెరీ గుడ్ అన్నాడు. ఆ మాట వదులుకోవాలనిపించలేదు. హెచ్‌ఆర్ వాళ్లే మొదటి రౌండ్ చేస్తున్నారేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాలుగో రోజున ఆఫర్ లెటర్ వచ్చింది. పెద్ద కంపెనీ పేరు మీద. జీతం నా పాత జీతానికి రెండు లక్షలు తక్కువ, అందుకే ఇంకా నమ్మాను, ఎక్కువ రాసుంటే అనుమానం వచ్చేది. దాంతోపాటే ఇంకో 1,60,000 కట్టమన్నారు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి, డాక్యుమెంట్లకి డిపాజిట్ అట, మొదటి జీతంతో తిరిగొస్తుందట. మా ఆవిడ ఏమీ అనలేదు. గొలుసు, రెండు గాజులు తీసిచ్చింది, గోల్డ్ లోన్ తీసుకున్నాం. యూపీఐలో ఒకరోజు లక్ష, మర్నాడు అరవై వేలు పంపాను. కంపెనీ అకౌంట్ ఆడిట్‌లో ఉందని చెప్పి ఎవరిదో వ్యక్తిగత అకౌంట్ ఇచ్చారు. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు.

ఆ ఆదివారం చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లాం. ఉద్యోగం పోయిన కొత్తలో అక్కడే 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాను. కోరిక తీరిందని 108 తిరిగాను. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో నడవలేక, గట్టు మీద కూర్చుని నా లెక్క తప్పకుండా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

నిన్న జాయినింగ్. ఇస్త్రీ చొక్కా, లంచ్ బాక్స్, ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు. నానక్‌రామ్‌గూడలో గేటు దగ్గర సెక్యూరిటీ అతను జాబితాలో నా పేరు మూడుసార్లు వెతికాడు. పక్కన కూర్చోమన్నాడు. నలభై నిమిషాల తర్వాత హెచ్‌ఆర్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్లుంటాయేమో. లెటర్ చూసి, "సార్, ఇది మా లెటర్ కాదు" అంది. మెల్లగా చెప్పింది, చుట్టూ ఎవరూ వినకుండా. వాళ్ల మెయిల్ అడ్రస్‌కి, నాకు వచ్చినదానికి తేడా చూపించింది, నా దాంట్లో కంపెనీ పేరు తర్వాత ఒక చిన్న గీత, కెరీర్స్ అని ఒక మాట అదనంగా ఉన్నాయి. ఇలాంటి లెటర్లతో ఇంతకు ముందు కూడా కొందరు వచ్చారని, వాళ్ల వెబ్‌సైట్లో హెచ్చరిక కూడా పెట్టారని చెప్పి మంచినీళ్ల సీసా తెప్పించి ఇచ్చింది. ఆ అమ్మాయి పేరు అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అక్కణ్ణుంచి నేరుగా మాదాపూర్ వెళ్లాను.

రిసెప్షన్ నిండా పిల్లలున్నారు, ఇంజనీరింగ్ అయిపోయి ఒకటి రెండేళ్లయిన వాళ్లు. నాతో రోజూ మాట్లాడినవాడు క్యాబిన్ లోంచి బయటికొచ్చాడు. లెటర్ టేబుల్ మీద పెట్టి, ఇది నకిలీదట, నా డబ్బు నాకిచ్చేయండి అన్నాను. గొంతు పెంచలేదు. పిల్లలున్నారు కదా అనుకున్నాను.

వాడు లెటర్ ముట్టుకోలేదు. చూడనైనా లేదు. "అంకుల్, ఇక్కడ సీన్ చేయకండి" అన్నాడు.

అంకుల్! మొన్న అరవై వేలు పడేవరకూ సార్. "సార్ తిన్నారా, సార్ మేడమ్ ఎలా ఉన్నారు, సార్ స్వీట్లు ఎప్పుడు". డబ్బు అందాక అంకుల్. నేను రసీదు చూపించాను. వెనక్కి తిప్పి అడుగున చిన్న అక్షరాలు చూపించాడు, "కెరీర్ సలహా సేవలకు రుసుము, తిరిగి ఇవ్వబడదు" అని ఇంగ్లీషులో ఉంది. ఆ అరవై వేలకీ, లక్షకీ రసీదే లేదు కాబట్టి అది మాకు సంబంధం లేదన్నాడు. మీరు చెప్పిన అకౌంట్‌కే కదా వేశాను అంటే, అందరూ వినేట్టు అన్నాడు: "అంకుల్, మీ ఏజ్‌లో మిమ్మల్ని ఎవడూ తీసుకోడు. ఆ సంగతి మీకూ తెలుసు. తెలిసే కదా మా దగ్గరికొచ్చారు."

డబ్బు పోయినందుకు కూడా ఇంత మంట లేదు. ఆ మాట, ఆ పిల్లలందరి ముందు. వాళ్లలో ఒకడు నాకేసి జాలిగా చూసి వెంటనే తల దించుకున్నాడు. 19 ఏళ్లు బ్యాంకుల డేటాబేస్‌లు కాపలా కాసినవాణ్ణి, పండగలన్నీ ఆన్‌కాల్‌లో గడిపినవాణ్ణి, సిస్టమ్ ముందు కూర్చోబెడితే ఇప్పటికీ నా పని నేను చేయగలను. ఆ మాట అనాలి వాడితో. నోరు పెగల్లేదు. ఫైలు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఇంటికొచ్చాక చూసుకున్నవి, ముందే చూసుకోవాల్సినవి. కంప్యూటర్ పని చేసి బతికినవాణ్ణి, పది నిమిషాల పని ఇది, అదే నన్ను తినేస్తోంది. లెటర్ వచ్చిన డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) పుట్టి ఐదు వారాలు. రసీదు మీద జీఎస్టీ నెంబరు 29తో మొదలైంది, అది కర్ణాటక కోడ్, తెలంగాణది 36. జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూస్తే అది ఏదో టైల్స్ షాపు నెంబరు. వీళ్ల పేరుతో కంపెనీ ఉందేమోనని కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో వెతికాను, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, ఆ పేరే లేదు.

రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాను. డబ్బు పంపి తొమ్మిది రోజులైంది కాబట్టి అకౌంట్లో మిగిలుండటం కష్టమే అన్నారు. పంపిన గంటల్లో చెప్తే ఇంకో అకౌంట్‌కి మారకముందే ఆపే అవకాశం ఉంటుందట. ఈరోజు పొద్దున స్టేషన్‌కి వెళ్తే మొదట ఇది డబ్బు లావాదేవీ గొడవ, సివిల్ కేసు అన్నారు. నకిలీ లెటర్, మెయిల్, యూపీఐ వివరాలు ప్రింట్లు తీసుకెళ్లి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4), అంటే పాత ఐపీసీ 420, మోసం కేసు, దాని కింద తీసుకోమని గట్టిగా అడిగితే తీసుకున్నారు. నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ వెళ్లి ఇవ్వండి, ఒక్కణ్ణయితే పక్కన పడేస్తారు.

జాగ్రత్తలంటే ఏం చెప్పను, అందరికీ తెలిసినవే. నిజమైన కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి మీ దగ్గర రూపాయి తీసుకోదు, ఆ ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు, మీ దగ్గర అడిగేది యూఏఎన్ (పీఎఫ్ నెంబరు), ఫారం 16 (జీతం మీద పన్ను కోత కాగితం), రిలీవింగ్ లెటర్. ఆఫర్ వస్తే ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్లోంచి నెంబరు తీసుకుని ఫోన్ చేసి అడగండి. ఇంకొకటి, ఇంట్లో ఉద్యోగం పోయినవాళ్లుంటే వాళ్లని రోజుకోసారి మామూలుగా పలకరించండి, బయటివాడి "సార్" కోసం ఆకలిగా ఎదురు చూసే పరిస్థితి తేకండి.

అసలు ఇది రాయడానికి కారణం వేరే ఉంది. నేను బయటికొస్తుంటే తలుపు దగ్గర కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు, భుజాన తువ్వాలు, ఒళ్లో ప్లాస్టిక్ కవరు, ఆ కవరు రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే అందులో డబ్బుందని తెలిసిపోతోంది. పక్కన నీలం గళ్ల చొక్కాలో కొడుకు. ఆ పెద్దాయన నన్ను చూసి, "ఏం సారూ, ఇక్కడ పని అయితదా?" అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా మెట్లు దిగిపోయాను. నా అవమానంలో నేనున్నాను. కింద బండి స్టార్ట్ చేశాక గుర్తొచ్చింది, మళ్లీ పైకి వెళ్తే వాళ్లు అప్పటికే క్యాబిన్ లోపలికి వెళ్లిపోయారు, తలుపు దగ్గరున్న కుర్రాడు నన్ను లోపలికి రానివ్వలేదు. అరగంట కింద నిలబడ్డాను. వాళ్లు ఇంకో దారిలో వెళ్లారో ఏమో, కనిపించలేదు.

బాబూ, నిన్న మంగళవారం పన్నెండున్నర ప్రాంతంలో నాన్నతో కలిసి అక్కడ కూర్చున్న అబ్బాయివి నువ్వే అయితే, లేదా ఆ అబ్బాయి మీకు తెలిస్తే, ఇది అతనికి చూపించండి. కట్టింది రిజిస్ట్రేషన్ వరకే అయితే అక్కడితో ఆగిపో, రెండో విడత అడుగుతారు, ఇవ్వొద్దు. కట్టేసుంటే ఇప్పుడే, ఈ నిమిషమే 1930కి ఫోన్ చెయ్యి. స్టేషన్‌కి ఒక్కడివే వెళ్లడానికి భయమైతే ఇక్కడ చెప్పు, నేను వస్తాను. నాన్నగారికి చెప్పు, నిన్న జవాబు చెప్పనందుకు క్షమించమన్నానని.