కుమ్‌డో, లాంగ్‌సోర్డ్: సువాన్‌లో బస, జోలింగెన్‌లో కత్తులు

కొరియాలో కత్తిసాము చూద్దామని వెళ్లేవాళ్లు చాలామంది సియోల్‌లో గది తీసుకుని సువాన్‌కి ఒక పూట వెళ్లొస్తారు. అలా చేయకండి, సువాన్‌లోనే దిగండి. మెట్రో ఒకటో లైన్‌లో గంట ప్రయాణమే. కానీ హ్వాసోంగ్ హేంగుంగ్ ప్యాలెస్ గేటు ముందు ప్రదర్శన ఉదయం 11కే మొదలవుతుంది. రద్దీలో నిలబడి వచ్చి, స్టేషన్ బయట బస్సెక్కి చేరేసరికి సగం అయిపోతుంది. చూడటానికి టికెట్ లేదు. సోమవారం మాత్రం ఉండదు.

నేను జర్మనీలో ఉద్యోగం చేస్తూ అక్కడి క్లబ్బులో లాంగ్‌సోర్డ్ నేర్చుకుంటున్నాను. రెండు చేతులతో పట్టే సూటి కత్తి, రెండంచులా పదును. నా తోటివాడు కొరియా కుర్రాడు, చిన్నప్పటి నుంచి కుమ్‌డో చేశాడు. జపాన్ కెండోకి కొరియా రూపం అది. క్లబ్బుకొచ్చిన కొత్తలో మా మణికట్లన్నీ వాయగొట్టాడు. మేం మాత్రం వాడి ముందుకాలు కొట్టేవాళ్లం. కుమ్‌డోలో గురి తల, మణికట్టు, నడుం పక్క, గొంతు, అంతే. కాళ్ల జోలికెవరూ రారు కాబట్టి కుడికాలు ఎప్పుడూ ముందే ఉంటుంది. ఆ వాదనలు తేల్చుకుందామనే ఈ ప్రయాణం.

సువాన్‌లో చూపించేది కుమ్‌డో కాదు, 'మూయే 24గి'. 1790లో జోంగ్జో రాజు ఆజ్ఞ మీద యి దోక్ము, పాక్ జేగా, బేక్ దోంగ్సు కూర్చిన 'మూయేదోబోతోంగ్జి' అనే బొమ్మల గ్రంథంలోని 24 విద్యలివి. వాటిలో ఆరు గుర్రం మీద చేసేవి. పరంపర తెగిపోయాక ఆ బొమ్మలూ వర్ణనలూ చూసి మళ్లీ నిలబెట్టారు. మేం జర్మనీలో చేసేదీ అదే పని: పదిహేనో శతాబ్దపు రాతప్రతులు ముందేసుకుని, ఈ అడుగు ఎటు పడిందో అని తలలు బద్దలు కొట్టుకోవడం. అందుకే నా లెక్కలో లాంగ్‌సోర్డ్‌కి అసలు తోబుట్టువు ఇది, కుమ్‌డో కాదు. ప్రదర్శనలో కొంత హంగు ఉంది, కేకలూ డప్పులూ ఎక్కువే. కానీ గడ్డిమోపు నరికినప్పుడు చూడాలి. ఏటవాలుగా తెగిన పైముక్క ఒక్క క్షణం అక్కడే నిలబడి, తర్వాత జారింది. అది హంగు కాదు.

బస సంగతి. కోటగోడ లోపల పాత ఇళ్ల మధ్య గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. పరుపు నేల మీదే, కింద ఒండోల్ వేడి, అంటే నేలే వెచ్చగా ఉంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు మంచం ఉందో లేదో ముందే అడగండి. నాకైతే అదే నచ్చింది: చెమటతో తడిసిన మందపాటి ప్రాక్టీస్ జాకెట్టు రాత్రి నేల మీద పరిస్తే తెల్లారేసరికి ఆరిపోయింది. తర్వాత సియోల్‌లో దిగిన హోటల్ దీనికి రెట్టింపు ధర. సామాను దాచే సౌకర్యం ఉందని రాసుకుని, మా పొడవాటి సంచి చూడగానే కుదరదన్నారు. తిండికొస్తే, సువాన్ గల్బీ అంటే ఎద్దుమాంసం పక్కటెముకలు. తినని వాళ్లు కోడిని మొత్తంగా వేయించి ఇచ్చే తోంగ్‌దాక్ వీధికి వెళ్లండి. కొన్ని కొట్లలో కందనకాయలు కూడా వేయించి పక్కన పెడతారు.

దోజాంగ్‌లు, అంటే కుమ్‌డో నేర్పే బడులు, వీధి కొట్ల పై అంతస్తుల్లో ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఈమెయిల్ పెడితే జవాబు రాదు. కొరియన్ వచ్చినవాళ్ల చేత ఫోన్ చేయించండి. పిల్లల బ్యాచ్ అయ్యాక పెద్దలతో నిలబెట్టారు. డబ్బు తీసుకోలేదు, పండ్ల పెట్టె తీసుకున్నారు. క్వాంజాంగ్‌నిమ్, అంటే అక్కడి గురువుగారు, నా కుడిచేతిని తట్టి వదులు చేయమన్నారు. లాంగ్‌సోర్డ్‌లో కుడిచేయి నడిపిస్తుంది, ఎడమచేయి పిడి చివర మీటలా పనిచేస్తుంది. కుమ్‌డోలో పట్టంతా ఎడమచేతిదే, దెబ్బ తగిలే క్షణంలో రెండు చేతులూ తడిగుడ్డ పిండినట్టు బిగుస్తాయి. ఆ గంటలో నా దెబ్బకి వేగం వచ్చింది. అయితే కుమ్‌డో సాధనకి వాడే వెదురు కత్తి జుక్‌డో బరువు అర కిలో, మా ఉక్కు కత్తి కిలో పావు పైనే. తిరిగొచ్చాక ఆ వేగంలో సగమే మిగిలింది.

వాళ్లకు కొత్తగా తోచింది కత్తులు కలిశాక జరిగే పని. కుమ్‌డోలో కొట్టి దాటిపోతారు. మేం కత్తికి కత్తి ఆనించి, అవతలివాడి ఒత్తిడి చేతులతో తెలుసుకుని, అక్కణ్ణుంచే తిప్పి పొడుస్తాం. కొయ్యకత్తులతో మెల్లగా చేసి చూపిస్తే గురువుగారు మళ్లీ మళ్లీ చేయించుకున్నారు. వెనకంచుతో కొట్టే దెబ్బలు మాత్రం వాళ్లకి పనికిరావు, ఒంటి అంచు కత్తి కదా.

ఉక్కు కత్తి వెంట తీసుకెళ్లకండి. 15 సెంటీమీటర్లు దాటిన అలుగుకి కొరియాలో పోలీసు అనుమతి కావాలి. మొద్దు కత్తని కస్టమ్స్‌లో వాదిస్తూ కూర్చోలేం. మాస్కు, గ్లవ్స్ చాలు, జుక్‌డో అక్కడే దొరుకుతుంది. జర్మనీలోనూ కత్తిని వీధిలో తాళం వేసిన సంచిలోనే మోయాలి.

ఒక పూట ఉంటే ఆసాన్‌లోని హ్యోంచుంగ్సా అనే స్మారక మందిరానికి వెళ్లండి. 1594లో చేసిన యి సున్‌సిన్ సేనాని జంట కత్తులు అక్కడున్నాయి. ఒక్కోటి దాదాపు 197 సెంటీమీటర్లు, మనిషి కన్నా పొడుగు. యుద్ధంలో తిప్పినవి కావని చూడగానే తెలుస్తుంది.

యూరప్ వైపు రెండే చెబుతాను. జర్మనీలోని జోలింగెన్‌లో, గ్రేఫ్రాట్ పేటలో పాత మఠంలో ఉన్న క్లింగెన్ మ్యూజియంలో కత్తులతో పాటు చెంచాలూ ఫోర్కులూ కూడా ఉన్నాయి. కూడా వచ్చినవాళ్లు విసుక్కోవచ్చు, నేను విసుక్కోలేదు. పక్కన నున్నటి రాళ్ల వీధులు, ఊళ్లో కరెంటు తీగల కింద నడిచే ట్రాలీ బస్సులు. ఇదీ సోమవారం మూతే. ఇంగ్లండ్‌లో లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ ఆయుధాల మ్యూజియం ఉచితం, స్టేషన్ నుంచి నడిచే దూరం. ఐరోపాలో దొరికిన అతిపాత కత్తిసాము రాతప్రతి 'ఐ.33' ఆ మ్యూజియందే. అన్ని రోజులూ దాన్ని బయట పెట్టరు, దాని కోసమే వెళ్తుంటే ముందు కనుక్కోండి.

డబ్బు ఒక్క ప్రయాణానికే ఉంటే లాంగ్‌సోర్డ్ వాళ్లు సువాన్ వెళ్లండి. కుమ్‌డో వాళ్లకి మ్యూజియాల కన్నా జర్మనీలో ఏదో ఒక క్లబ్బులో నాలుగు సాయంత్రాలు మేలు. మోకాలి కవచం మర్చిపోకండి.