కొబ్బరిపాల పొడి కొంటున్నారా? పాలు పడని పసిబిడ్డ ఉంటే ప్యాకెట్ వెనక వైపు చదవకుండా పెట్టకండి

ఆవుపాలు పడని పసిబిడ్డ ఇంట్లో ఉండి, కొబ్బరిపాల పొడి తెద్దామని చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దయచేసి కొనేముందు చదవండి. ఆ పొడుల్లో చాలావాటిలో పాల ప్రొటీన్ కలుస్తుంది. పేరు కొబ్బరిదే, ప్యాకెట్ మీద బొమ్మ కొబ్బరికాయదే, పక్కన పచ్చచుక్క కూడా ఉంటుంది. అయినా లోపల పాలకు సంబంధించినది ఉంటుంది. ఈ సంగతి మా పాపకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాకే నాకు తెలిసింది.

పాపకు ఇప్పుడు తొమ్మిదో నెల. నాలుగో నెలలో నాకు జ్వరం వచ్చి పాలు చాలక ఒక పూట డబ్బాపాలు పట్టాం. అరగంట తిరక్కుండానే మూతి చుట్టూ ఎర్రగా పొంగింది, తాగిందంతా కక్కేసింది. పిల్లల డాక్టర్ గారు పరీక్ష చేయించి ఆవుపాల ప్రొటీన్‌కు అలర్జీ అన్నారు. గేదెపాలు, మేకపాలు కూడా దాదాపు అలాంటివే కాబట్టి అవీ వద్దన్నారు. అప్పటినుంచి నా పాలే. ఆరో నెల నిండాక అన్నప్రాశన చేసి మెత్తటి అన్నం, పెసరకట్టు, రాగిజావ ఒక్కొక్కటిగా మొదలుపెట్టాం.

మా అత్తయ్యగారిది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కోనసీమ వాళ్ళింట్లో కొబ్బరి లేని వంట ఉండదు కదా. పాలూ పెరుగూ లేకుండా పిల్ల ఎలా పుంజుకుంటుందని ఆవిడకు బెంగ. అన్నంలో రెండు చెంచాల కొబ్బరిపాలు పోసి పెట్టమ్మా, మా పిల్లలందరికీ అలాగే పెట్టాం అన్నారు. డాక్టర్ గారిని అడిగితే, ఏడో నెల దాటింది, కొద్దిగా మొదలుపెట్టవచ్చు, కానీ అది తల్లిపాలకు బదులు కాదు, అన్నంలో కలిపే వస్తువు మాత్రమే అన్నారు. కొబ్బరిపాలల్లో కొవ్వు బాగా ఉంటుంది గానీ ప్రొటీన్, కాల్షియం చాలా తక్కువట. ఏడాది లోపు పిల్లలకు సీసాలో పోసి పట్టకూడదని గట్టిగా చెప్పారు.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. ఊరినుంచి వచ్చిన కాయలు బాల్కనీలో గోనెసంచిలో ఉన్నాయి. ఉద్యోగం, పాప, ఇంటిపని మధ్య రోజూ కాయ కొట్టి, కోరి, పిండే ఓపిక లేక ఆన్‌లైన్‌లో పొడి ఆర్డర్ చేశాను. అమ్మకం పేజీలో "నూటికి నూరు శాతం సహజం", "పాలకు చక్కని ప్రత్యామ్నాయం" అని రాసి ఉంది. ఫొటోలన్నీ ప్యాకెట్ ముందువైపువే.

ఆదివారం పొద్దున గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు పొడి కలిపి అన్నంలో వేశాను. ఇష్టంగా తింది. ఇరవై నిమిషాలకు చెవుల వెనక గోక్కోవడం మొదలుపెట్టింది. చొక్కా పైకెత్తి చూస్తే పొట్ట మీద దద్దుర్లు. చూస్తుండగానే పెదవి వాచింది, రెండుసార్లు వాంతి చేసుకుంది. మావారు కారు తీశారు, నేను పాపను భుజాన వేసుకుని పరుగెత్తాను. ఆసుపత్రిలో వెంటనే మందు ఇచ్చి, సాయంత్రం దాకా కదలనివ్వకుండా చూశారు. దేవుడి దయవల్ల ఊపిరికి ఇబ్బంది రాలేదు.

అత్తయ్యగారు వరండాలో కూర్చుని ఒకటే ఏడుపు. నా మాట వినే కదా పెట్టింది, కొబ్బరి పడలేదు దానికి, ఇక మా ఇంట్లో అది ఏం తింటుంది అని. నేనూ అదే అనుకున్నాను. డాక్టర్ గారు మాత్రం ప్యాకెట్ చూపించమన్నారు. పక్కింటి వాళ్ళ దగ్గర తాళం ఉంటే వాళ్ళను వెనకవైపు ఫొటో తీసి పంపమన్నాం. పదార్థాల జాబితాలో మూడే ఉన్నాయి: కొబ్బరిపాలు, మాల్టోడెక్స్‌ట్రిన్, సోడియం కేసినేట్. ఆ మూడోదాని మీద వేలు పెట్టి, ఇది పాల ప్రొటీనమ్మా అన్నారు.

కేసిన్ అంటే పాలు విరిగినప్పుడు గడ్డకట్టే ప్రొటీన్. పన్నీరులో ఎక్కువగా ఉండేది అదే. దాన్నే నీళ్ళలో కరిగేలా చేస్తే సోడియం కేసినేట్ అవుతుంది. కొబ్బరిపాలల్లో నూనె ఎక్కువ కాబట్టి ఉత్తగా ఎండబెడితే జిడ్డు ముద్దలా అవుతుంది తప్ప పొడిగా రాలదు. అందుకని ఆ నూనె బిందువుల చుట్టూ పొరలా ఉండడానికి కేసినేట్‌ను, పొడి ఉండకట్టకుండా మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థాన్ని కలుపుతారు. ఇది కల్తీ కాదు, తయారీ పద్ధతే. పాలు పడేవాళ్ళకు దానితో సమస్యా లేదు. కానీ మా పాపలాంటి వాళ్ళకు చెంచాడు చాలు. వేడి నీళ్ళలో కలిపాం కదా, ఉడికించాం కదా అనుకోవడానికీ లేదు, కేసిన్ వేడిని బాగా తట్టుకుంటుంది.

మరి ప్యాకెట్ మీద రాయరా అంటారేమో. రాయాలి. పాలు, గుడ్డు, వేరుశనగ, సోయా, గోధుమ లాంటి అలర్జీ కలిగించేవి ఉంటే విడిగా తెలపాలని మన ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లో ఉంది. ఇంటికి వచ్చి చూస్తే మా ప్యాకెట్ మీదా "పాలు ఉన్నాయి" అనే ముక్క ఉంది. సరిగ్గా దాని మీదే అమ్మినవాళ్ళు ధర స్టిక్కర్ అంటించారు. గోటితో గీకితే అక్షరాలు బయటపడ్డాయి. ఆ స్టిక్కర్ గీకుతున్నప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అమ్మినవాళ్ళకు రాస్తే, మేడమ్, పచ్చచుక్క ఉంది కదా, మాది స్వచ్ఛమైన శాకాహారం అని జవాబిచ్చారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో పాలు, పెరుగు, నెయ్యి అన్నీ శాకాహారం కిందికే వస్తాయి. పచ్చచుక్క ఉంటే మాంసం, గుడ్డు లేవని అర్థం, అంతే. పాలు లేవని కాదు. పాలతో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ వేయని ఆహారానికి వీగన్ గుర్తు అని వేరే ఉంది, ఆకుతో ఉన్న ఆకుపచ్చ ఇంగ్లీషు వీ అక్షరం. దాన్ని చూసినా సరే, జాబితా మాత్రం చదవండి. కేసిన్, కేసినేట్, వే (పాలు విరిగాక మిగిలే నీళ్ళలోని ప్రొటీన్, ఇంగ్లీషులో whey), పాల ఘనపదార్థాలు, మిల్క్ సాలిడ్స్, ల్యాక్టోజ్ (పాలల్లోని చక్కెర), వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. కాఫీలో కలుపుకునే "నాన్ డైరీ" పొడుల్లో కూడా ఈ కేసినేట్ ఉండేవి ఉన్నాయి.

డబ్బాల్లో, అట్టపెట్టెల్లో వచ్చే కొబ్బరిపాల సంగతి వేరు. కొన్నిటిలో కొబ్బరి, నీళ్ళు తప్ప పెద్దగా ఏమీ ఉండవు, కొన్నిటిలో చక్కెర పోస్తారు. రెండేళ్ళ లోపు పిల్లలకు చక్కెర కలిపినవి అసలు వద్దు. కొబ్బరినూనె ఒక చుక్క వేద్దామనుకుంటే, తలకు రాసుకునే సీసా, వంటకు వాడే సీసా ఒకే అరలో ఉంటాయి, పచ్చచుక్క, ఫుడ్ లైసెన్సు నంబరు ఉన్నదే తీసుకోండి. ఎండుకొబ్బరి ముక్క చేతికివ్వకండి, గొంతులో అడ్డం పడుతుంది. విరేచనాలు అయినప్పుడు కొబ్బరినీళ్ళు ఓఆర్ఎస్‌కు బదులు కావు, ఒంట్లోంచి పోయిన సోడియం వాటిలో సరిపడా ఉండదు.

మూడు వారాల తర్వాత డాక్టర్ గారి క్లినిక్‌లోనే, వాళ్ళ ఎదురుగా, ఇంట్లో తీసిన కొబ్బరిపాలు అర చెంచా పెట్టాం. రెండు గంటలు కూర్చున్నాం. ఏమీ కాలేదు. కొబ్బరే పడని పిల్లలూ ఉంటారట, అరుదుగా. అందుకే ఒకసారి ఇలా జరిగిన బిడ్డకు ఇంట్లో సొంతంగా మళ్ళీ ప్రయత్నించకండి. అత్తయ్యగారికి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేకపోయారు.

ఇప్పుడు మరీ ముదరని కాయ కొట్టి, నల్ల పొట్టు తీసి, రెండు చెంచాల కోరును కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళతో రుబ్బి, ఉతికిన పలచటి గుడ్డలో పిండుతున్నాను. పది నిమిషాల పని. ఆ పూటకు ఆ పూటే, మిగిలితే మా కూరలో పోసుకుంటాం. కొత్తది ఏది పెట్టినా పొద్దునపూట పెడుతున్నాం, తర్వాత మూడు రోజులు ఇంకో కొత్త వస్తువు జోలికి పోవడం లేదు. దద్దుర్లతో పాటు ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం వచ్చినా, బిడ్డ వడలిపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

డబ్బు వెనక్కి ఇచ్చారు. నాకు కావలసింది డబ్బు కాదు, పేజీలో ప్యాకెట్ వెనకవైపు ఫొటో పెట్టమని అడిగాను. ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు కూడా పదార్థాల వివరాలు కొనేముందే కనిపించాలి. స్టిక్కర్ ఉన్న ఫొటో, గీకాక తీసిన ఫొటో, బిల్లు, బ్యాచ్ నంబరు జతచేసి ఫుడ్ సేఫ్టీ వాళ్ళకు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీకూ ఇలా జరిగితే ప్యాకెట్ పారేయకండి, అదే సాక్ష్యం. ఈ ఉదయం మళ్ళీ ఆ పేజీ తెరిచి చూశాను. ఇంకా ముందువైపు ఫొటోలే ఉన్నాయి, "పాలకు చక్కని ప్రత్యామ్నాయం" అన్న మాట కూడా అలాగే ఉంది.